గొడుగక్క ఆదివారాలు

నన్ను గొడుగక్క అని మొదట పిలిచింది లేత్ మేస్త్రి. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న, పిలిచాడంటే సరే. పళ్ళ డాక్టరుగారు నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన కూడా సిగ్గూ ఎగ్గూ లేకుండా "గొడుగక్కా" అనే పిలుస్తారు. ఒకసారి మొహం మీదే అడిగాను, "నేను మీకు అక్కనెలా అయ్యానండీ?" అని. "అది వరస కాదమ్మా, హోదా" అన్నారు. దానికేం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బొత్తిగా అలవాటు లేని పని.

నా కొట్టు బస్సు డిపో వెనక వీధిలో ఉంది. గొడుగులు బాగుచేస్తాను, సంచులకి జిప్పులు మారుస్తాను, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాను. కొట్టు వెనక రెండు గదులు. అందులో ఒకటి మా అమ్మది. అమ్మ పోయి ఏడేళ్ళయినా దాన్ని అమ్మ గది అనే అంటాను, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళ గొడుగు నేను బాగుచేయను. తమ్ముడు ఊరికి ఆ చివర ఉంటాడు. వాడికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఊపిరాడనన్ని పనులు. నెలకోసారి ఫోన్ చేసి "ఎలా ఉన్నావక్కా" అంటాడు. "బాగానే ఉన్నానురా" అంటాను. వెనకాల మా మరదలు పిల్లల్ని కేకలేస్తూ ఉంటుంది. "సరే అక్కా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తాడు.

వారంలో ఆరు రోజులూ కొట్టుకి జనం వస్తారు. తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో వాళ్ళతో పొద్దుపోతుంది. ఆదివారం మాత్రం మా వీధి వీధంతా షట్టర్లు దించేస్తుంది. అమ్మ ఉన్నప్పుడు ఆదివారం ఎటు పోయేదో తెలిసేది కాదు. అమ్మ పోయాక ఆ ఏడాదంతా నాకు ఆదివారమంటే భయం పట్టుకుంది. చెబితే నవ్వుతారు. ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికేదాన్ని. శనివారం సాయంత్రం షట్టరు దించాక మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే పనుండేది కాదు. ఒక సోమవారం ఎవరో వచ్చి గొడుగు ఎప్పటికి అవుతుందని అడిగితే గొంతు పెగల్లేదు. దగ్గి, మంచినీళ్ళు తాగి, అప్పుడు "రేపు రండి" అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను కూడా.

అలాంటి రోజుల్లోనే పళ్ళ డాక్టరుగారు చంకలో ఒక నారింజరంగు గుడ్డ మూటతో కొట్టులోకి వచ్చారు.

"ఇది కుట్టగలరా అమ్మా? ముగ్గురు టైలర్లు మావల్ల కాదన్నారు."

విప్పి చూశాను. గుండ్రంగా, ఇంత వెడల్పున, నడిమధ్య చిల్లుతో ఉంది. "ఏంటండీ ఇది, ఏనుక్కి లంగానా?" అన్నాను.

"పారాచూట్. మేం నలుగురం కలిసి సెలవురోజుల్లో రాకెట్లు చేసి ఎగరేస్తుంటాం. పైకి పోయింది మెల్లగా కిందికి దిగాలి కదా, అందుకు."

ఆయన్ని ఎగాదిగా చూశాను. బట్టతల, ఇస్త్రీ చొక్కా, జేబులో పళ్ళు చూసే బుల్లి అద్దం. పిచ్చివాడిలా మాత్రం లేరు. "మీరు కత్తిరించిందే తప్పు. ఎనిమిది ముక్కలు పెడితే గాలికి ఒక పక్కకి లాగుతుంది. పన్నెండు పెట్టాలి. ఎప్పుడైనా గొడుగు విప్పి చూశారా మీరు?" అన్నాను.

పది రోజుల్లో కుట్టిచ్చాను. మూడువారాలకి దాన్ని తిరిగి తెచ్చారు, మధ్యలో చెయ్యి పట్టేంత కాలిన కంతతో. నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కుట్టు మీద నిప్పులు పోస్తారా! ఎవడండీ ఈ పని చేసింది? వాణ్ణోసారి నాకు చూపించండి" అని అరిచాను.

"ఆదివారం రండి, చూపిస్తాను" అన్నారు.

నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని వెళ్ళాను. ఆరేళ్ళు ఉండిపోయాను.

డాక్టరుగారి ఆస్పత్రి వెనక పెద్ద రేకుల షెడ్డు ఉంది. ఒక మూల పనికిరాని పాత పళ్ళ కుర్చీ. ఎవరికి నడుం నొప్పి పుడితే వాళ్ళు అందులో కాసేపు వాలేవారు. గుడ్డ కాల్చింది లేత్ మేస్త్రి. ఇనుముతో ఏం చేయమన్నా చేస్తాడు, గుడ్డని మాత్రం ఇనుములాగే చూస్తాడు. లెక్కల మేడం కాలేజీలో పాఠాలు చెప్తుంది. ఎంత మందుకి ఎంత ఎత్తు పోతుంది, ఎంత గాలికి ఎంత దూరం కొట్టుకుపోతుంది, అన్నీ ఆవిడ కాగితం మీద ముందే తేల్చేస్తుంది. నాలుగోవాడు బోర్డులు రాసే పెయింటరు. పనిలో ఉన్నంతసేపూ పెదవి విప్పడు, టీ వచ్చిందంటే ఆపడు. నేను వెళ్ళేసరికి వాళ్ళు ఒక పెద్ద పని నెత్తికెత్తుకున్నారు. ఒకప్పుడు మనుషుల్ని చంద్రుడి దాకా మోసుకెళ్ళిన రాకెట్టుకి ఇరవయ్యో వంతు నమూనా. నమూనా అంటే బల్లమీద పెట్టుకునే బొమ్మ అనుకున్నాను. పద్దెనిమిది అడుగులు ఉంటుందన్నారు. ఇద్దరు మనుషుల బరువు. పైన తెరుచుకోవడానికి ఒక్కోటీ పద్నాలుగు అడుగుల వెడల్పున్న గొడుగులు మూడు కావాలి.

"మీరు మడతపెట్టడం కూడా నేర్చుకోవాలి. కుట్టినవాళ్ళకే గుడ్డ మాట వింటుంది" అన్నారు డాక్టరుగారు. అంతే, నేను ఇరుక్కుపోయాను.

వాళ్ళ పని తీరు నాకు నచ్చింది. ఏది ఎగరేసినా ముందు మేడం ఒక జాబితా చదువుతుంది. ప్రతి పనికీ ఒక ప్రశ్న. ఆ పని చేసిన మనిషే జవాబు చెప్పాలి. ఇంకొకరు "ఆ, అయిపోయిందిలే" అంటే ఒప్పుకోదు, మొదటినుంచీ చదువుతుంది. పెద్ద రాకెట్టు జాబితాలో నూట పద్నాలుగు ప్రశ్నలు. అందులో పదకొండు నావి. "తాళ్ళు చిక్కుపడకుండా ఉన్నాయా?" "ఉన్నాయి." "నిప్పంటని గుడ్డ చుట్టారా?" "చుట్టాను." మీకు ఇదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు. నేను తప్ప ఇంకెవరూ జవాబు చెప్పకూడని ప్రశ్న నన్నెవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

ఎగరేసే రోజు మడత పెట్టినవాళ్ళకి ఇంకో పని ఉంటుంది. మిగతావాళ్ళంతా రాకెట్టు దగ్గర గుంపుగా ఉంటే, ఆ ఒక్క మనిషి మాత్రం గాలి వీచే వైపు మైలు దూరం వెళ్ళి ఒంటరిగా నిలబడాలి. రాకెట్టు దిగేది అటే కదా. దిగాక కూడా గొడుగులో గాలి నిండితే అది నేలమీద రాకెట్టుని ఈడ్చుకుపోతుంది. పైన ఆకాశంలో ఏమీ కానిది కింద రాళ్ళకి కొట్టుకుని ముక్కలవుతుంది. అందుకని అది నేల తాకగానే పరిగెత్తి, గొడుగు నడినెత్తి పట్టుకుని లాగి, గుడ్డ మీద పడిపోవాలి. చిన్న రాకెట్లకి నేను అలా ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. లేత్ మేస్త్రి దాన్ని "అక్క దండం పెట్టింది" అనేవాడు.

పోయిన ఏడాది చివర్లో ఒక ఆదివారం, పెయింటరు ఆఖరి నల్ల చారలు వేస్తుంటే, డాక్టరుగారు ఆ మాట చెప్పారు. ఊళ్ళో పిల్లల సైన్స్ మ్యూజియం వాళ్ళు మన రాకెట్టుని తీసుకుంటామన్నారట. ఎగిరి వచ్చాక ముందు హాల్లో పైకప్పుకి వేలాడదీస్తారట. ఎగిరి వచ్చిన రాకెట్టు అని కింద బోర్డు కూడా పెడతారట. ఒక్కటే షరతు, చెక్కుచెదరకుండా ఉండాలి.

అందరూ కేకలు వేశారు. నేనూ వేశాను.

"ఆ తర్వాతేం చేద్దామండీ?" అన్నాను, తర్వాతి రాకెట్టు సంగతి మాట్లాడతారనుకుని.

"ఆ తర్వాతేముంది, రిటైర్మెంటే!" అన్నారు డాక్టరుగారు. "మోకాళ్ళు మొరాయిస్తున్నాయక్కా. కోడలు ప్రాక్టీసు పెడతానంటోంది, ఈ షెడ్డు తనకి ఇచ్చేస్తానని మాటిచ్చాను."

"మా పిల్లలు నేను ఆదివారం ఇంట్లో ఉంటే ఎలా ఉంటానో చూడాలంటున్నారు" అంది మేడం నవ్వుతూ. లేత్ మేస్త్రికి ఈమధ్యే కవలలు. వాడికి నిద్రపోవడం తప్ప వేరే కోరిక లేదు. పెయింటరు బ్రష్షు ఎత్తి ఊపాడు, సరే అన్నట్టు.

"మరి ముక్కలైతే?" అని అడిగాను.

"నోరు మంచిదైతే బాగుండు" అన్నాడు మేస్త్రి.

డాక్టరుగారు మాత్రం నిజాయితీగా ఆలోచించారు. "ముక్కలైతే మళ్ళీ కట్టడమేనక్కా. మూడేళ్ళు పట్టినా సరే. కోడలు ఆగుతుంది. ఇంతదూరం వచ్చి ముక్కలతో వదిలేస్తామా?" అన్నారు.

మళ్ళీ కట్టడమే. ఆ రెండు మాటలూ నాతో పాటు ఇంటికొచ్చాయి. రాత్రి పక్క మీదా ఉన్నాయి, పొద్దున మిషను మీదా ఉన్నాయి. వాళ్ళకి ఆదివారం వారంలో ఒక రోజు. ఇంటినుంచి దొంగిలించుకొచ్చిన రోజు, ఎప్పుడైనా తిరిగి ఇచ్చేయొచ్చు. నాకు తిరిగి ఇవ్వడానికి అక్కడెవరూ లేరు.

ఇక ఇప్పుడు నేను చేసింది చెప్తాను. చెప్పడానికి మొహం చెల్లడం లేదు గానీ చెప్తాను. మొదటి గొడుగు కుట్టు వదులుగా ఉందన్నాను. విప్పదీసి మళ్ళీ కుట్టాను. ఎగరేయడానికి అధికారులిచ్చిన అనుమతి తేదీ దాటిపోయింది, ఇంకో తేదీ తెచ్చుకున్నారు. రెండో గొడుగు తాళ్ళు కట్టే చోట గుడ్డ నలిగిందన్నాను. అదీ విప్పదీశాను. ఇంకో రెండు నెలలు. గుడ్డ సంగతి నేను చెబితే వాళ్ళకి వేదం. "అక్క ఒప్పుకునేదాకా ఎగరేయం" అని డాక్టరుగారు అందరికీ గొప్పగా చెప్పేవారు. వింటుంటే ప్రాణం చచ్చిపోయేది. అయినా మూడోదాన్ని కూడా విప్పదీశాను.

ఒక బుధవారం లెక్కల మేడం ఒక్కతే కొట్టుకి వచ్చింది. బల్లమీదున్న గొడుగు అంచు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో కుట్టు పొడవునా రాసి చూసింది.

"దీనికేమైందక్కా?"

"వదులుగా ఉంది."

"పోయినవారం మీరు విప్పకముందు నేను లాగి చూశాను. నా స్కూటరుకి కట్టి లాగినా తెగదు అది."

"గుడ్డ సంగతి మీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాను, గొంతు పెంచి.

ఆవిడ పెంచలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, ఎగరేయడం మీకు ఇష్టం లేదా?"

నేను కత్తెర తీసుకుని ఏ దారమూ లేనిచోట దారం కత్తిరించాను. ఇష్టమే, ఎగిరాక ఏం చేయాలో తెలియడం లేదని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. అందరినీ కడిగిపారేసే నోరు ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది. "శనివారానికి అయిపోతుంది, వెళ్ళండి" అన్నాను.

లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మీరు మా ఇంటికి రండక్కా, ఎప్పుడైనా" అంది. మంచి మనిషి. కానీ ఎప్పుడైనా రండి అన్న ఇంటికి ఏ రోజు వెళ్ళాలో ఎవరికి తెలుస్తుంది? శనివారం కల్లా కుట్టేశాను. నా జన్మలో అంత గట్టి కుట్టు వేయలేదు.

ఎగరేసే రోజు అనుమతి పొద్దున పదింటినుంచి రెండింటి దాకా. చెట్టూ చేమా లేని మైదానం, అక్కడక్కడా ముళ్ళపొదలు, ఒక అంచున ఎండిపోయిన రాళ్ళ కాలువ. ఇనప స్తంభానికి ఆనించి రాకెట్టుని నిలబెట్టేసరికి అందరికీ తలప్రాణం తోకకొచ్చింది. తెల్లగా, నల్ల చారలతో, పద్దెనిమిది అడుగులు. పెయింటరు దూరంగా వెళ్ళి ఒకసారి చూసి, మొహం తుడుచుకుంటున్నట్టు చేతిరుమాలు కళ్ళ మీద పెట్టుకున్నాడు.

మేడం జాబితా చదివింది. నా పదకొండు ప్రశ్నలు వచ్చాయి. పదికి జవాబు చెప్పాను. పదకొండోది, "మూడూ తెరుచుకుంటాయా?"

మేడం కాగితంలోంచి తలెత్తి నా వైపే చూస్తోంది.

"తెరుచుకుంటాయి" అన్నాను. తెరుచుకుంటాయని నాకు తెలుసు.

మేస్త్రి నన్ను జీపులో తీసుకెళ్ళి గాలి వైపు మైలు దూరంలో దింపాడు. వాకీటాకీ, నీళ్ళ సీసా చేతిలో పెట్టి, "అక్కా, ఇవాళ దండం గట్టిగా పెట్టాలి. గాలి పెరుగుతోంది" అని వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణిగేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత చూడ్డానికేమీ లేదు. దూరంగా అగ్గిపుల్లంత తెల్లగీత, దాని చుట్టూ చీమల్లా మా వాళ్ళు. చెవి దగ్గర వాకీటాకీలో వాళ్ళ నవ్వులు, ఎవరో ఎవరినో పక్కకి జరగమనడం. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రాకెట్టు లేవడం నేను దగ్గరగా చూడలేదు. ఎప్పుడూ ఇక్కడే.

పదినుంచి వెనక్కి లెక్కపెట్టారు. అగ్గిపుల్ల కింద వెలుగు. అది లేచి చాలా పైకి వెళ్ళాక గానీ చప్పుడు నా దాకా రాలేదు. వచ్చాక పొట్టలో కొట్టింది. నోరు తెరుచుకుని తల ఎత్తుతూనే ఉన్నాను. ఎంతదాకా పోయిందంటే, ఇంక రాదేమో అనిపించింది. ఆ తర్వాత పైన ఎక్కడో ఆగి, వంగి, చిన్న తెల్లటి పొగ. ఒక నారింజ చుక్క. రెండు. వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. మూడు.

"మూడూ!" అని వాకీటాకీలో అరిచాను. అటునుంచి వాళ్ళ అరుపులు.

నా మూడు గొడుగులూ నిండుగా విచ్చుకుని, పోటీ పడకుండా, ఒకదాన్నొకటి తోసుకోకుండా దాన్ని దింపుకొచ్చాయి. నేనే కుట్టానా అనిపించింది. నాకు రెండువందల అడుగుల దూరంలో, మెత్తటి మట్టిలో, తోక మీద ఆనింది. ఒక క్షణం నిలబడి, మెల్లగా పక్కకి ఒరిగింది. ముసలావిడ మంచం మీద వాలినట్టు.

రెండు గొడుగులు చప్పబడిపోయాయి. మూడోదానిలో గాలి నిండింది.

రాకెట్టు కదిలింది. మొదట జానెడు, తర్వాత అడుగు. తర్వాత ఆగకుండా. కాలువ వైపే. కాలువలో మనిషి తలంత రాళ్ళు. ఇంకో అరవై అడుగులు ఉంటుందేమో.

నేను పరిగెత్తాలి. నేను పరిగెత్తలేదు.

నిలబడ్డాను. చుట్టూ మైలు దూరంలో నరమానవుడు లేడు. నన్ను ఎవరూ చూడటం లేదు, ఎవరూ అడగరు కూడా. గాలి ఎక్కువైంది, అందుకోలేకపోయాను అంటే చాలు. మేస్త్రే అన్నాడు కదా గాలి పెరుగుతోందని. అర నిమిషం ఊరికే నిలబడితే చాలు, మళ్ళీ కట్టడమే. మూడేళ్ళు. మూడేళ్ళ ఆదివారాలు. షెడ్డు, టీ, పెయింటరు సొద, నా పదకొండు ప్రశ్నలు. నేనేదీ చేయక్కర్లేదు, కాళ్ళు కదపకుండా ఉంటే అన్నీ ఉంటాయి. వాళ్ళ ఆరేళ్ళ కష్టం నా కళ్ళముందు రాళ్ళ మీదికి వెళ్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను. ఆ మనిషి నేనేనని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గొడుగు అంచు ముళ్ళపొదకి తగిలింది. సర్రుమని గుడ్డ చిరిగింది.

ఆ చప్పుడు నిద్రలో వినబడినా నేను లేచి కూర్చుంటాను. "నా గుడ్డ! చచ్చినదానా, కదులు!" అని అరిచాను. ఎవర్ని అన్నానో, నన్నే అయ్యుంటుంది. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. పరిగెత్తి, గొడుగు నడినెత్తి చిల్లులో చెయ్యి పెట్టి, మొత్తం బరువుతో దానిమీద పడ్డాను. అది నన్ను కూడా ఈడ్చింది. మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి. "ఆగవే, ఆగు, ఆగు" అంటూ గుడ్డని చేతులతో కాళ్ళతో కిందికి నొక్కుకుంటూ పోయాను. చివరికి ఆగింది. తల ఎత్తి చూస్తే రాకెట్టు ముక్కుకీ కాలువకీ మధ్య పది అడుగులు ఉంది.

వాకీటాకీ మాట్లాడుతోంది. "అక్కా! గొడుగక్కా! దిగిందా? ఏం విరిగింది?"

ఏది ఎగరేసినా మా వాళ్ళు మొదట అడిగేది అదే. ఏం విరిగిందో చెబితే వచ్చే ఆదివారం ఏం పనో తెలిసిపోతుంది. మేస్త్రి అప్పుడే పనిముట్ల లెక్క మొదలుపెడతాడు, మేడం కాగితం తీస్తుంది.

లేచి కుంటుకుంటూ చుట్టూ తిరిగాను. తోక దగ్గర రెక్కలు నాలుగూ వేలితో కదిపి చూశాను. గట్టిగా ఉన్నాయి. ముక్కు చూశాను. కింద ఐదు గరాటాల్లాంటివి ఉంటాయి, ఒక్కొక్కదాన్నీ తడిమి చూశాను. మోకాళ్ళమీద కూర్చుని నేలకి ఆనిన వైపు కూడా చెయ్యి పెట్టి చూశాను. మట్టి అంటుకుంది, అంతే. తుడిస్తే పోతుంది. ఇంకోసారి చుట్టూ తిరిగాను. ఒక్క రెక్కయినా, ఒక్క బోల్టయినా విరిగి ఉండకపోతుందా అని. పోనీ, పెయింటు అయినా.

"అక్కా? చెప్పండక్కా! ఏం విరిగింది?" డాక్టరుగారి గొంతు.

"ఏమీ విరగలేదండీ" అన్నాను.

 అటునుంచి అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. పెయింటరు బిగ్గరగా ఏడుస్తున్నాడు. నేను మళ్ళీ మీట నొక్కాను. "గొడుగు ఒకటి చిరిగింది. జానెడు."

"పోతే పోనివ్వండక్కా!" అన్నారు డాక్టరుగారు. "గొడుగులతో మనకింకేం పని!"

ఆయన తప్పేమీ లేదు. ఆ ఆనందంలో ఎవరైనా అదే అంటారు. నేను మీట వదిలేసి, రాకెట్టుకి ఆనుకుని కూర్చుని, గొంతెత్తి ఏడ్చాను. దాచుకోవాల్సిన పని లేదు. వాళ్ళు రావడానికి ఇంకా పావుగంట పడుతుంది.

వచ్చారు. గెంతారు. డాక్టరుగారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి రాకెట్టు చుట్టూ చిన్నపిల్లాడిలా పరిగెత్తారు. మేస్త్రి నన్ను ఎత్తి గిరగిరా తిప్పబోతే "దించరా గాడిదా, నా నడుం!" అని కేకలేశాను. మేడం మాత్రం రాకెట్టు దగ్గరికి వెళ్ళలేదు. నేలమీద పడ్డ ఈడ్పు గీత వెంట నడిచింది, రాకెట్టు దిగిన చోటినుంచి ఆగిన చోటి దాకా, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు. లెక్కల మనిషి కదా. తర్వాత వచ్చి నా మోకాళ్ళు నీళ్ళతో కడిగింది.

"చాలా దూరం ఈడ్చిందక్కా" అంది మెల్లగా.

"అవును" అన్నాను.

తలెత్తి నా మొహంలోకి చూసింది.  తన చేతిరుమాలు రెండుగా చింపి, రెండు మోకాళ్ళకీ కట్టింది. ముడి వేశాక కూడా చెయ్యి వెంటనే తీయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు లారీలో రాకెట్టు పక్కనే, కింద కూర్చున్నాను. మేస్త్రి చిరిగిన గొడుగుని ఉండచుట్టి, "ఇది దారిలో పడేయనా అక్కా?" అన్నాడు.

"నిన్ను పడేస్తాను. ఇటివ్వు."

అందరూ పగలబడి నవ్వారు. నా నోటి దురుసు వాళ్ళకి ఎప్పుడూ నవ్వే. గుడ్డ లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆస్పత్రి దగ్గర దిగి, ఒకరినొకరు కౌగిలించుకుని, వెళ్ళొస్తామంటే వెళ్ళొస్తామని చెప్పుకున్నారు. ఎవరూ "వచ్చే ఆదివారం" అనలేదు. అనడానికేమీ లేదు కూడా.

వారం గడిచింది. ఆదివారం పొద్దున ఎప్పటిలాగే ఏడింటికి లేచి, స్నానం చేసి, టీ తాగి, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగాను. వీధి వీధంతా షట్టర్లు దించి ఉంది. చెప్పులు విప్పేశాను. లోపలికి వచ్చి, మిషను మీద గుడ్డ తీసి, ఆ చిరిగిన గొడుగు పరిచాను. ముళ్ళు ఏరేశాను. అదే రంగు ముక్క ఒకటి కత్తిరించి కింద పెట్టి, రెండు వరసలు కుట్టాను. అంచులు మడిచి ఇంకో వరస. రెండు చేతులతో గట్టిగా లాగి చూశాను. తెగదు.

తీరిగ్గా చేద్దామనే కూర్చున్నాను. కానీ ముప్పై ఏళ్ళ చేతివాటం, ఎంత మెల్లగా చేద్దామన్నా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గోడ గడియారం చూశాను. తొమ్మిదీ ఇరవై.